పీరా కొలిమి మీది తీగ

కంబగిరికి నచ్చిన మనుషులు తక్కువ. నచ్చిన యంత్రమైతే అసలే లేదు. ఆళ్లగడ్డలో రోడ్డు పొడవునా శిల్పాల షెడ్లే. తెల్లారితే చాలు, రాళ్ళు కోసే యంత్రాలు చెవులు తినేస్తాయి. ఆ రొద మధ్యలో ఒక్క షెడ్డులో మాత్రం సుత్తి చప్పుడు టకటకమని వినపడుతుంది. అది కంబగిరిది. ఆరో తరగతిలో ఉండగా తండ్రి అతన్ని బడి మాన్పించి, ఇది అన్నం పెడుతుందని చేతికి ఉలి ఇచ్చాడు. పెట్టింది కూడా. కంప్యూటరులో బొమ్మ వేస్తే యంత్రమే తీగలూ హంసలూ చెక్కిపడేసే రోజులు వచ్చేసరికి అతని పని ఆ హంసల ముక్కులు నునుపు చేయడం దాకా దిగింది. ముక్కు నునుపు చేసిన ప్రతిసారీ, ఈ హంసను కన్నది ఎవరో, కడుగుతున్నది ఎవరో అని అతను లోపల గొణుక్కునేవాడు.

అట్లాంటి మనిషికి ఒక గుడి పని దొరికింది.

ఆళ్లగడ్డ నుంచి ఆటోలో పోయేంత దూరంలో ఒక పల్లె, చేల మధ్య ఒక పాత గుడి. లోపల పీఠం ఉంది, పీఠం మీద దేవుడు లేడు. ఎప్పుడు పోయాడో, ఎవరు ఎత్తుకుపోయారో, అసలు ఏ దేవుడో ఊళ్ళో ముసలివాళ్ళు కూడా చెప్పలేరు. గర్భగుడి ద్వారబంధంలో ఎడమ రాయి నిలబడి ఉంది. కుడి రాయి ఎప్పుడో విరిగిపోయింది. దాని ముక్కలు ఏ ఇంటి పునాదిలో కలిశాయో ఎవరూ నోరు విప్పరు. ఊరంతా కలిసి గుడిని మళ్ళీ నిలబెట్టాలని అనుకున్నారు. యంత్రం వాళ్ళు వచ్చి చూసి, ఇంత అరిగిన రాయికి ఫోటో రాదు, కావాలంటే కొత్తగా రెండూ చేసిస్తాం, పాతది తీసి పారేయండి అన్నారు. ఎందుకో పారేయడానికి ఊరివాళ్ళకు మనసు ఒప్పలేదు. అప్పుడు గుర్తుకొచ్చాడు కంబగిరి. ఎడమ రాతిని చూసి దానికి జతగా కుడి రాయి చెక్కే పని.

పని మొదలుపెట్టేదాకా కథ బాగానే ఉంది. ఎడమ రాయి మీద అడుగు నుంచి పైదాకా ఒక తీగ పట్టీ పాకింది. ఆకులు, పువ్వులు, వాటి మధ్య అక్కడక్కడా ఒక మూడు మొనల గుర్తు. నడిమి మొన పొడుగు, పక్క మొనలు రెండూ పొట్టి, మూడూ కలిసే చోట చిన్న బుడిపె. తగాదా అంతా ఆ గుర్తు మీదే.

ఆ ఊళ్ళో పెద్ద సేద్యం ఒకే ఇంటివాళ్ళది, కానీ ఆ ఇంటికి తలలు రెండు. ఒకటి శ్రీనివాసులు. రెండోది చనిపోయిన అతని అన్న భార్య భారతమ్మ. శ్రీనివాసులు ఏటా అహోబిలం పోయి కొండెక్కుతాడు, ఆయనకు అది నామం. నామమైతే గుడి కేశవునిది. భారతమ్మ సోమవారం పచ్చి మంచినీళ్ళు ముట్టదు, మహానంది తప్పితే యాడికీ పోదు. ఆమెకు అది శూలం. శూలమైతే గుడి ఈశ్వరునిది. కింద ఉన్న బుడిపె నామానికి పాదం అని ఆయన, శూలానికి కట్టిన ఢమరుకం అని ఆమె. ఊరు కూడా చెరో వైపు చేరి కూర్చుంది.

ఒకరోజు శ్రీనివాసులు వచ్చి రాతి మీద చెయ్యి వేసి అన్నాడు.

"ఏమప్పా కంబగిరీ, నీ కండ్లు బాగనే ఉండాయి గదా. అవి నామాలే గదా?"

కంబగిరి ఇంకో ఆకు చెక్కడానికి వంగాడు. ఆయన పోయిన కాసేపటికి భారతమ్మ వచ్చింది.

"మా మరిదికి బర్రె కనపడినా దాని నొసట నామమే కనపడతాది. నువ్వు రాయిని చూసి చెక్కు నాయనా, మనిషిని చూసి చెక్కద్దు."

ఇద్దరూ చివరికి చెప్పిన మాట మాత్రం ఒకటే. అవతలివాళ్ళ గుర్తు గనక రాతి మీద కనపడితే పని ఆడికి ఆపించేస్తాం, యంత్రం వాళ్ళ దగ్గర ఏ గుర్తూ లేని నున్నటి ద్వారబంధం తెచ్చి నిలబెడతాం. వైశాఖంలో ముహూర్తం. అంతలో తేలిపోవాలి.

ఇంకే గుళ్ళోనైనా అయితే కంబగిరి ఈ గుర్తుకు దడిసేవాడు కాదు. కంబగిరి వాళ్ళ వంశంలో దీనికి ఒక పద్ధతి ఉంది. ఈ తీగ పట్టీ వాళ్ళు తరతరాలుగా చెక్కుతున్నదే. ఈ మూడు మొనల చోటు వచ్చినప్పుడు ఏం చేయాలో తండ్రి చిన్నప్పుడే చెప్పాడు. శివుని గుడైతే శూలం దించు, విష్ణువు గుడైతే నామం దించు. తండ్రికి తాత చెప్పింది కూడా అదే. కంబగిరి ఈ చేతులతో శూలాలూ చెక్కాడు, నామాలూ చెక్కాడు, ఏదీ ఎందుకని అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే ప్రతి గుళ్ళోనూ దేవుడు ముందే కూర్చుని ఉండేవాడు. ఈ గుళ్ళో ఆయనే లేడు. దేవుణ్ణి చూసి గుర్తు చెక్కే కులంవాణ్ణి పట్టుకుని, గుర్తు చెక్కి దేవుణ్ణి చూపించమంటే ఎట్లా.

అందుకని కొత్త రాతి మీద ఆకులు చెక్కాడు, పువ్వులు చెక్కాడు, గుర్తుల చోట్లు మాత్రం రాయిని దిమ్మెలుగా వదిలేశాడు. ఆ దిమ్మెల మీద పాత గోనె కప్పి పని చేసుకునేవాడు. ఈ రాయి గనక చేజారితే ఈ చుట్టుపక్కల తనను చేతి పనికి పిలిచే మనిషి ఇక ఉండడు. మిగిలిన బతుకంతా హంసల ముక్కులే.

చేతి పనికి ఉలులు కావాలి, ఉలులకు కొలిమి కావాలి. ఆళ్లగడ్డలో కొలుములు ఎప్పుడో ఆరిపోయాయి. పాత ఉలికి మొన సాగదీసి పాయనం పెట్టేవాడు, అంటే ఎర్రగా కాల్చి సరిగ్గా ఏ రంగులో నీళ్ళలో ముంచాలో తెలిసినవాడు, కంబగిరికి తెలిసి నంద్యాలలో పీరా ఒక్కడే. అందుకని మొద్దుబారిన ఉలులను గోనె సంచిలో చుట్టుకుని వారానికోసారి బస్సెక్కేవాడు. పీరా కొలిమి ఇంటి పెరట్లోనే. తలమీద రేకులు, పక్కన వేపచెట్టు. ఆ వేపనూ ఆ రేకులనూ కలిపి ఆక్రమించిన తీగ ఒకటి.

తీగ అంటే సన్నటిది కాదు. మొదలు మనిషి తొడంత ఉంది. కింద గుబురు పొదలా లేచి, పైకి పోయేకొద్దీ తీగై, వేప కొమ్మలను పట్టుకుని ఎక్కి, అక్కడ చోటు చాలక రేకుల మీద పడుకుంది. ఆకులు ఎదురెదురుగా, మందంగా, కొన తేలి ఉంటాయి. లేత చిగుర్లు రాగి రంగు. ఎవరూ నాటలేదు. ఆత్మకూరు అడవుల నుంచి కొలిమికి బొగ్గుల మూటలు వచ్చేవి, ఆ మూటలు విప్పి దులిపే మూలలో దానంతట అదే మొలిచిందని పీరా భార్య షాహజాదీ చెప్పేది. మొలిచినప్పుడు ఏదో కలుపు అనుకుంది, మేక తింటుందిలే అని వదిలేసింది. మేక వాసన చూసి పక్కకు తిరిగిందట. అప్పటి నుంచి ఆమెకు దానిమీద గౌరవం.

అది ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు. కొడుకు అన్సార్ ఫోనులో ఫోటో తీసి చూస్తే ఫోను ఒకసారి జామ అన్నది, ఇంకోసారి పలకడానికి నోరు తిరగని పరాయి దేశపు పేరేదో చెప్పింది. ఆకుకూరలమ్మే ఆమె ఇది మందు తీగ అన్నది, దేనికి మందో అడిగితే అన్నిటికీ అన్నది. పీరాకు ఇవేవీ పట్టవు. రేకులు బరువుకు వంగుతున్నాయి, ఎండుటాకులు నిప్పుల మీద రాలుతున్నాయి, ఒకనాటికి కొలిమే కాదు కొంప కూడా కాలుతుంది, కొట్టేస్తానంటాడు. షాహజాదీ ఒప్పుకోదు.

"పేరు గూడ తెలీని దాన్ని ఎట్ల నరుకుతావ్? పేరు కనుక్కో, ఆమీట నరుకు," అన్నదామె.

"దానికి పేరుంటే అదే చెప్పేది గదా ఇన్నాళ్ళకు," అన్నాడు పీరా.

ఆ పుష్యమాసంలో కంబగిరి పోయినరోజున పూర్ణిమ అనే ఆవిడ కూడా అక్కడే ఉంది. పక్క వీధిలో ఉంటుంది, డిగ్రీ కాలేజీలో చెట్ల పాఠాలు చెబుతుంది. పూలకుండీల ఇనుప స్టాండు విరిగితే అతికించుకోవడానికి వచ్చింది. షాహజాదీ ఆమెను వదిలిపెట్టకుండా చెయ్యి పట్టుకుని తీగ దగ్గరికి తీసుకుపోయింది. పూర్ణిమ ఆకు తిప్పి చూసింది, కణుపు చూసింది, బెరడు చూసింది, చాలాసేపు చూసింది. చివరకు తెలియదన్నది. ఆకును బట్టి రెండు మూడు అనుమానాలు ఉన్నాయి గానీ పువ్వు చూడనిదే పేరు చెప్పనన్నది.

చదువుకున్నవాళ్ళంటే కంబగిరికి ముందే మంట. చదువే అతన్ని వదిలేసిందో, అతనే దాన్ని వదిలేశాడో, మొత్తానికి ఇద్దరికీ మాటల్లేవు.

"అన్నేండ్లు చదివి ఇంగ ఏం నేర్చుకున్నట్ల మేడం?" అన్నాడు.

ఆమె కోపం తెచ్చుకోలేదు. "తెలీనప్పుడు తెలీదని చెప్పేది నేర్చుకున్నా అన్నా. అది నేర్చుకునేకే అన్నేండ్లు పట్టింది," అని స్టాండు తీసుకుని వెళ్ళిపోయింది. పీరా పడీపడీ నవ్వాడు. కంబగిరి నవ్వలేదు గానీ, బస్సులో ఆ మాట అతని వెంట వచ్చింది. తన రాతి మీది దిమ్మెలు గుర్తొచ్చాయి. తెలియదు అని తానూ అనవచ్చు. అంటే వినేవాళ్ళెవరు?

మాఘం చివర్లో పోయేసరికి పెరట్లోకి అడుగుపెట్టకముందే వాసన ఎదురొచ్చింది. బొగ్గు వాసన, కాలిన ఇనుము వాసన తప్ప ఇంకేమీ ఎరగని ఆ సందులో తీయటి వాసన. తీగ ఆకు కనపడకుండా పూసింది. గుత్తులు గుత్తులు. వేప తెల్లబడింది, రేకులు తెల్లబడ్డాయి. షాహజాదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కింద నిలబడి ఉంది. పూర్ణిమకు అప్పటికే కబురు పోయింది. ఆమె ఒక గుత్తి వంచి, చిన్న భూతద్దం కంటికి పెట్టుకుని తనలో తాను చెప్పుకుంటున్నట్టు చెప్పసాగింది. రేకలు అయిదు, అంచులు పట్టుకుచ్చులాగా చీలి వెనక్కు ముడుచుకున్నాయి. నాలుగు తెలుపు, అయిదోదాని మీద పసుపు మరక. పువ్వు మధ్యలో కేసరాలు పొట్టివి, కానీ ఒక్కటి మాత్రం మిగిలినవాటికంటే బాగా పొడుగు, పువ్వు బయటికి వంగి వచ్చింది.

కంబగిరి చేతిలో ఉలుల మూట కిందపడింది.

అతని చెంప మీద ఒక చోట ఉంది. నలభై ఏళ్ళ కింద తండ్రి కొట్టిన చోటు. ఈ తీగ పట్టీలో పువ్వు చెక్కడం నేర్చుకుంటున్నప్పుడు అంచులు పళ్ళుపళ్ళుగా తీశాడు, రేకలు సరిగ్గా ముడిచాడు, అంతా బాగా వచ్చింది. కానీ పువ్వు నడిమి నుంచి బయటికి వచ్చే ఒక వంకర గీత వదిలేశాడు. అది పువ్వును చెడగొడుతోందని అతనికి అనిపించింది. తండ్రి చూసి చెంప పగలగొట్టాడు. ఎందుకు నాయనా అది అని ఏడుస్తూ అడిగితే, మా నాయన చెక్కినాడు, నేను చెక్కినాను, నువ్వూ చెక్కు అన్నాడు. పాత కాలంలో ఎవడిదో ఉలి జారి ఉంటుందని, ఆ జారుడునే వెర్రివాళ్ళలాగా తమ వంశమంతా చెక్కుతూ వస్తోందని కంబగిరి ఇన్నేళ్ళూ నమ్మాడు. చెక్కిన ప్రతిసారీ తిట్టుకుంటూ చెక్కాడు.

ఇప్పుడా వంకర గీత ఎండలో ఊగుతోంది. దాని కొసన ఒక తేనెటీగ వేలాడుతోంది.

"దీన్నేమంటారమ్మా?" అన్నాడు. మేడం అనే మాట నోటికి రాలేదు.

"మాధవీలత," అన్నది పూర్ణిమ.

షాహజాదీ నమ్మలేదు. అది మనుషులకు పెట్టే పేరు గదా, చెట్టుకుండేది ఏంటికి అన్నది. నిజమే, ఆ పేరు వినని తెలుగువాళ్ళు లేరు. పద్యాల్లో ఉంది, పాటల్లో ఉంది, పెళ్ళి శుభలేఖల్లో ఉంది. అసలుది మాత్రం పీరా కొలిమి మీద పేరు లేకుండా పడుకుంది. తాను కూడా పుస్తకంలో బొమ్మ చూడటమేగానీ ఎదురుగా చూడటం ఇదే మొదలని పూర్ణిమ ఒప్పుకుంది. కాయ కూడా చూస్తే అనుమానం లేకుండా ఖాయం చేస్తానని, అంతదాకా కొడవలి పెట్టవద్దని పీరాను బతిమాలింది. పీరా తీగ వైపు చూశాడు, భార్య వైపు చూశాడు.

"నేను ఎన్ని పండగలకు కొత్త చీర తెచ్చినా ఈమె మొగం ఇట్ల కాలేదు. ఉండనీలే," అన్నాడు.

కంబగిరి ఒక పువ్వును జేబులో వేసుకుని పోయాడు. ఆ సాయంత్రం గుళ్ళో రాతి పువ్వు పక్కన దాన్ని పెట్టి చూశాడు. వాడిపోయింది, అయినా సరిపోయింది. ఎన్ని వందల ఏళ్ళ కిందటి మాటో, ఒక మనిషి ఇట్లాగే ఒక పువ్వును వేళ్ళ మధ్య పట్టుకుని దీని ముందు నిలబడి ఉంటాడు. ఈ ఆలోచన వచ్చాక అతనికి సుత్తి ఎత్తబుద్ధి కాలేదు.  కానీ పువ్వు తేలినా గుర్తు తేలలేదు. పువ్వు ఎవరిదీ కాదు, తగాదా దానిమీద లేదు. మూడు మొనలు అట్లాగే దిమ్మెలుగా మిగిలాయి. ఉగాది వచ్చింది, పోయింది. శ్రీనివాసులు రోజూ రావడం మొదలుపెట్టాడు. భారతమ్మ అయితే మంచమే తెప్పించి గుడి నీడలో వేయించుకుంది. ఎవరు ముందు రాతిని మాయ చేస్తారో అని ఒకరికొకరు కాపలా.

చైత్రం ముదిరాక ఒక మధ్యాహ్నం కంబగిరి మళ్ళీ పీరా కొలిమి దగ్గర కూర్చుని ఉన్నాడు. పువ్వులు రాలిపోయి చాలా రోజులైంది. తీగ మీద గోధుమ రంగు గుత్తులేవో కమ్ముకుని ఉన్నాయి గానీ, రేకుల మీదికి తలెత్తి చూసే ఓపిక అతనికి లేదు. తెల్లవారితే పెద్దమనుషులు కూర్చుంటున్నారు. శూలమా నామమా నోరు తెరిచి చెప్పాలి. పీరా ఉలిని నిప్పుల్లోంచి తీసి, దాగలి మీద మొన సాగదీసి, మళ్ళీ కాల్చి, నీళ్ళ తొట్టి మీద పట్టుకుని రంగు కోసం చూస్తున్నాడు. ఎండుగడ్డి రంగు పోయి నెమలి రంగు వచ్చే క్షణంలో ముంచాలి, అందుకని ఆ సమయంలో అక్కడ ఎవరూ మాట్లాడరు.

అప్పుడు వేడి గాలి ఒక్కసారి లేచింది.

పైనుంచి ఏదో దిగింది. రాలినట్టు కాదు, దిగినట్టు. గిరగిరా తిరుగుతూ, తొందర లేకుండా, తిరుగుడులో ఒక పలచటి గుండ్రటి మెరుపుగా కనపడుతూ, కంబగిరి మోకాలి పక్కగా వచ్చి తొట్టి నీళ్ళమీద వాలింది. వాలాక కూడా ఒక చుట్టు తిరిగి ఆగింది. పీరా ఉలి ముంచాడు. నీళ్ళు సుయ్యిమన్నాయి, ఆవిరి లేచింది. ఆవిరి పోయాక కంబగిరి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి అరచేతిలో పెట్టుకున్నాడు.

మూడు రెక్కలు. నడిమిది పొడుగు, పక్కవి రెండు పొట్టి. మూడూ కలిసే చోట చిన్న బుడిపె. బుడిపె లోపల విత్తనం.

ఇంకో గాలి తెర వచ్చింది. ఈసారి ఒకటి కాదు. రేకుల మీద నుంచీ వేప మీద నుంచీ వందలుగా లేచాయి. కొన్ని గోడ దాటి వీధిలోకి పోయాయి, కొన్ని కొలిమి వేడికి పైకే ఎగిరి అక్కడే తిరిగాయి, మిగిలినవి పెరడంతా మెల్లగా దిగాయి. ఒక్కటి కూడా చప్పుడు చేయలేదు. అన్ని రెక్కలు తిరుగుతుంటే చప్పుడు లేకపోవడం చూసి కంబగిరికి ఒళ్ళు గగుర్పొడిచింది. అతను ఎప్పుడు లేచి నిలబడ్డాడో అతనికే తెలియదు.

"ఏందప్పా, దయ్యాన్ని చూసినోని మాదిరి నిలబడినావ్?" అన్నాడు పీరా.

కంబగిరి అరచేయి చూపించాడు. "పీరన్నా, మా నాయన దీన్ని చూళ్ళేదు. మా తాత చూళ్ళేదు. వాళ్ళ తాత గూడ చూసినట్ల లేదు." 

నిజానికి చెప్పాల్సింది ఇంకా ఎంతో ఉంది. ఎవరో ఒక్కడు చూశాడు. చూసింది చూసినట్టు చెక్కాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు చెట్టును చూడకుండా రాతిని చూసి చెక్కారు, ఆ తర్వాతివాళ్ళు రాతిని కూడా వదిలేసి దేవుణ్ణి చూసి చెక్కారు. శివుని ముందు శూలమైంది, విష్ణువు ముందు నామమైంది. ఎగిరే విత్తనాన్ని ఇన్ని తరాలు రెండు గుళ్ళకూ పంచి, తాము పద్ధతి తప్పలేదని మురిసిపోయారు. ఇంకో రోజు ఇదంతా తట్టి ఉంటే కంబగిరి వంశాన్ని మొత్తం కూర్చోబెట్టి తిట్టి ఉండేవాడు. ఆ మధ్యాహ్నం తిట్టు రాలేదు. షాహజాదీ చేట తెచ్చి పెరట్లో పడినవాటిని ఏరి, తన పాత తువ్వాలులో మూటకట్టి ఇచ్చింది. పూర్ణిమకు కొన్ని వేరే ఉంచింది. బస్సులో ఆ మూటను అతను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బరువే లేదు.

మర్నాడు పొద్దున గుడి దగ్గర ఊరంతా చేరింది. శ్రీనివాసులు అరుగు మీద, భారతమ్మ మంచం మీద. పెద్దమనుషులు, నువ్వు శిల్పివి, మీ వంశమే ఈ పట్టీ చెక్కేది, నీ నోటితో చెప్పు అన్నారు. కంబగిరి మూట చంకన పెట్టుకుని, విరిగిన గోడ పట్టుకుని మండపం మీదికి ఎక్కాడు. మనిషికి మతి చలించిందేమోనని కింద గుసగుసలు మొదలయ్యాయి. చేల మీదుగా గాలి వచ్చేదాకా ఆగాడు. వచ్చాక తువ్వాలు విప్పి విదిలించాడు.

గుసగుసలు ఆగిపోయాయి. విత్తనాలు గిరగిరా తిరుగుతూ జనం మీద దిగాయి. ఒకటి భారతమ్మ ఒళ్ళో దిగింది, ఒకటి శ్రీనివాసులు తలపాగా మీద వాలింది. కంబగిరి పైనుంచే చెప్పాడు. ఇది మాధవీలత విత్తనమని, రాతి మీద ఉన్న పువ్వు దీని పువ్వేనని, బుడిపెలో ఉన్నది పాదమూ కాదు, ఢమరుకమూ కాదు, గింజ అని. నమ్మకపోతే రాతి పక్కన పెట్టి చూసుకోమన్నాడు.

పెట్టి చూసుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు, వరుసగా, ప్రసాదానికి వచ్చినట్టు వచ్చి చూశారు. శ్రీనివాసులు తన తలపాగా మీద వాలినదాన్ని రాతి గుర్తుకు ఆనించి చాలాసేపు వంగే ఉన్నాడు. లేచి, తల పైకెత్తి కంబగిరిని అడిగాడు.

"మరి ఈడ ఉన్నింది ఏ దేవుడప్పా?"

"నాకెట్ల తెలుస్తాది. కట్టినోనికి ఈ తీగ తెలుసు. నాకు తెలిసింది అంతే."

భారతమ్మ తన ఒళ్ళోదాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చూస్తూ, స్వామి చెట్టుకు కూడా శూలం ఇచ్చినాడు చూడు అన్నది. శ్రీనివాసులు ఊరుకోలేదు. నామం పెట్టుకోని పుట్టినాది వదినా, సరిగ్గ చూడు అన్నాడు. జనం నవ్వారు, వాళ్ళిద్దరూ కూడా నవ్వారు. ఇద్దరికీ కావలసింది ఇద్దరికీ కనపడుతోంది కాబట్టి, ఉన్నది ఉన్నట్టు చెక్కమని ఇద్దరూ ఒకే నోటితో చెప్పారు. పీఠం మీద ఎవరు కూర్చోవాలో తర్వాత చూసుకుందాం అన్నారు. అది ఈ జన్మకు తేలదని కంబగిరికి తెలుసు. తేలకపోయినా అతనికి బాధ లేదు. రాయి నిలిచింది.

ఎండ వాలేసరికి జనం పలచబడ్డారు. కంబగిరి తడిగుడ్డతో పాత రాతిని తుడిచి, విత్తనం ఒకటి చేత్తో పట్టుకుని పై గుర్తు దగ్గర నుంచి కొలత తీయడం మొదలుపెట్టాడు. పడమటి వెలుగు పక్కవాటంగా పడి, అరిగిపోయిన గీతలు కూడా నీడలు వేసి నిలబడ్డాయి. పై గుర్తు నిటారుగా ఉంది. దాని కిందిది కొంచెం ఎడమకు వాలింది. ఆ కిందిది ఇంకొంచెం. చేతిలోని విత్తనాన్ని ఒక్కో గుర్తుకు ఆనిస్తూ, ఆనించడానికి దాన్ని తిప్పుతూ, తిప్పుతూ కిందికి దిగాడు. సగం దిగేసరికి చెయ్యి ఆగిపోయింది. తిప్పింది తాను కాదు, రాయి తిప్పించింది. ఇవి ఎన్నో గుర్తులు కావు. ఒకే విత్తనం. తీగ పైకి ఎక్కుతోంది, దాని పక్కనే ఆ తీగ విత్తనం ఒకటి గిరగిరా తిరుగుతూ పైనుంచి కిందికి దిగుతోంది. కదిలేదాన్ని కదలని రాతి మీద దించిన చెయ్యి అది.  ఇంతటి చెయ్యి ఉన్న మనిషి పేరు కూడా ఎక్కడా చెక్కుకోలేదు.

చివరి గుర్తు గడప దగ్గర సగం వరకే కనపడుతోంది. మిగిలింది నేలలోకి పోయింది. ఎవరో ఎప్పుడో మట్టి పోసి, దానిమీద బండలు పరిచి నేల ఎత్తు చేశారు. విత్తనం ఇంకా దిగుతూనే ఉందన్నమాట. యాడికి?

అతను గడ్డపార తెచ్చి మూలబండ లేపాడు. చప్పుడుకు శ్రీనివాసులు చేని గట్టు నుంచి వెనక్కు తిరిగాడు, భారతమ్మ మంచం మీద లేచి కూర్చుంది. బండ కింద మట్టిని కంబగిరి చేతులతోనే తోడాడు. ఇనుము తగిలితే ఏం పోతుందోనని భయం. మోచేతి లోతుకు పోయాక వేళ్ళకు రాయి తగిలింది. ఎండ, గాలి, మనిషి చెయ్యి ఏదీ తగలని రాయి, నిన్న చెక్కినంత కొత్తగా ఉంది. చెంబుతో నీళ్ళు పోసి కడిగాడు.

అక్కడ విత్తనం నేలమీద పడి ఉంది. రెక్కలు చివికిపోయి, ఈనెలు మాత్రం మిగిలాయి. ఆ ఈనెలను కూడా వెంట్రుకవాసి సన్నగా తీశాడు ఆ మనిషి. బుడిపె పగిలింది. పగిలినచోటు నుంచి రెండు లేత ఆకులు, ఇంకా పూర్తిగా విచ్చుకోకుండా, తల పైకెత్తి ఉన్నాయి. ఆ ఆకుల మధ్య నుంచే మొత్తం తీగ పట్టీ మొదలై, గడప దాటి, తలుపు పొడవునా పాకి, అక్కడెక్కడో పైన పువ్వులైంది.

"ఏం దొరికిందప్పా?" అన్నాడు శ్రీనివాసులు దగ్గరకొస్తూ. భారతమ్మ కూడా మంచం దిగి, ఆయన భుజం పట్టుకుని నడిచి వచ్చింది.

కంబగిరి మట్టి చేతులు అట్లాగే పట్టుకుని, వాళ్ళకు కనపడేటట్టు పక్కకు జరిగాడు.